ఆటలో అరటిపండు



మన పల్లెలలో పిల్లలు దాగుడుమూతలో, చెడుగుడో ఆడుకొనునపుడు ఒక చిన్నవాడు వచ్చి తన్ను గూడ చేర్చుకొమ్మని మారాము చేయును. కాదన్నచో ఏడ్చును, చేర్చుకొన్నచో ఆట సాగదు. అపుడు పెద్దపిల్లలు వానిని ఆటలో అరటిపండుగా చేర్చుకొందురు. వాడు అందరితోపాటు పరుగెత్తును, కేకలు వేయును, దుమ్ము పూసికొనును. కాని వానిని పట్టుకొన్నను వాడు ఓడినట్లు కాదు. వాడెవరినైన పట్టుకొన్నను లెక్కకు రాదు. పసివాని విషయమున ఈ యేర్పాటు ముద్దుగానే యుండును. ఏలయనగా రెండేండ్లు గడచునప్పటికి వాడును అసలైన ఆటగాడగును. కాని పది పండ్రెండేండ్లు బడిలో అరటిపండుగనే యుండిపోవు పిల్లలు కొందరున్నారు. వారినిగూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచితిని.

చూపు లేని పిల్లలు, వినికిడి లేని పిల్లలు, కాలుసేతులు స్వాధీనము కాని పిల్లలు, మాట ఆలస్యముగా వచ్చినవారు, ఎంత దిద్దించినను అక్షరములు కుదురుకొననివారు, వీరందరును నేడు బడిలో చేరుచున్నారు. హాజరుపట్టీలో వారి పేరుండును. మధ్యాహ్నభోజనపు బంతిలో వారి పళ్ళెముండును. ఎవరైన అధికారి వచ్చి ఫొటో తీయించినచో వారిని ముందువరుసలో నిలుపుదురు. కాని పంతులు ప్రశ్న వేయునపుడు వారివంక చూడడు. పిల్లలు జట్టులు కట్టునపుడు వారిని పిలువరు. చేరుట వేరు, కలియుట వేరు.

మీలో అరువది దాటినవారికి పోలియో సంగతి నేను చెప్పనక్కరలేదు. జ్వరము వచ్చి కాలు చచ్చుపడిన పిల్లలు లేని యూరు ఆనాడు అరుదు. ఆ వ్యాధి మన దేశమున తుదిసారి కనబడినది 2011 జనవరిలో, పశ్చిమ బెంగాలున. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశమును పోలియో లేనిదిగా ప్రకటించెను. కావున వైకల్యమనగానే కర్ర యూతగా నడచు బాలుడే మన కన్నులకు గట్టుట ఇక చాలదు. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే పేర్కొనగా, 2016 నాటి చట్టము 21 విధములను పేర్కొన్నది. క్రొత్తగా చేరినవానిలో ఆటిజము కలదు, చదువుటయందును వ్రాయుటయందును గలుగు ప్రత్యేక లోపము కలదు. ఇవి పైకి కనబడునవి కావు. పిల్లవాడు చూచుటకు చక్కగానే యుండును. మాటాడునపుడు ఎదుటివారి ముఖము చూడడు. బడిగంట మ్రోగినచో చెవులు మూసికొనును. వానిని పొగరుబోతని యొకరు, గాలి సోకినదని మరియొకరు అందురు. తోడిపిల్లలు ఈ మాటలను పెద్దల నోటనే నేర్చుకొందురు.

పేర్ల సంగతియు నట్టిదే. కుంటివాడు, గ్రుడ్డివాడు, మూగది, నత్తివాడు అని వైకల్యమునే పేరుగా పెట్టి పిలుచుట మన యూళ్ళలో చిరకాలపు టలవాటు. పిలుచువాడు ద్వేషముతో పిలువక పోవచ్చును. ఆ పేరు మోయువాని సంగతి వేరు. ఇపుడు ప్రభుత్వమువారు దివ్యాంగులనుచున్నారు. విభిన్న ప్రతిభావంతులను మాటయు వాడుకలో నున్నది. ఈ మాటలు మంచివే కావచ్చును గాని, నా మతమున వానికంటె మంచి పేరు ఆ బిడ్డకు తల్లిదండ్రులు పెట్టినదే.

బొల్లా శ్రీకాంత్ అను యువకుని కథ మీలో కొందరు వినియుందురు. ఆయన జీవితమునుబట్టి 2024లో హిందీభాషలో చలనచిత్రము కూడ వెలువడినది. మచిలీపట్టణమునకు చేరువనున్న సీతారామపురమున, పేద రైతుకుటుంబమున, పుట్టుకతోనే చూపులేక జన్మించెను. ఇట్టి బిడ్డ వలదని తల్లిదండ్రులకు చెప్పినవారును లేకపోలేదు; చదువురాని ఆ దంపతులు ఆ మాట చెవిని బెట్టలేదు. ఆరేండ్ల ప్రాయమున శ్రీకాంత్ బడికి పోసాగెను. అన్న దారిచూపగా, తోడిపిల్లల వెంట, తుప్పల నడుమ బురదత్రోవన కొన్ని కిలోమీటర్ల నడక. వానకాలమున ఆ త్రోవ నీట మునుగును. ఇంత నడచి బడి చేరిన పిదప అచట ఆయనతో మాటాడువారు లేరు. రెండేండ్లు ఇట్లే గడచెను. ఎనిమిదవయేట తండ్రి ఆయనను సుమారు 400 కిలోమీటర్ల దూరమున, హైదరాబాదునందలి అంధవిద్యార్థుల వసతిగృహ పాఠశాలలో చేర్చెను. అచట ఈత నేర్చెను, చదరంగ మాడెను, చప్పుడుచేయు బంతితో క్రికెట్టాడెను. పదవ తరగతి పిదప గణిత విజ్ఞానశాస్త్రములు చదువగోరగా, చూపులేనివారికి ఆ శాస్త్రములు కూడవని నిబంధన అడ్డుపడెను. ఉపాధ్యాయుల తోడ్పాటుతో న్యాయస్థానమున వ్యాజ్యమాడి గెలిచి, ఆ చదువున నూటికి 98 మార్కులు సంపాదించెను. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించెను. అందు వికలాంగులనేకులు పని చేయుచున్నారు.

ఈ కథను పట్టుదలకు ఉదాహరణముగా చెప్పుట పరిపాటి. అది తప్పనను. కాని నా మనస్సున నాటినది ఆ తొలి రెండేండ్లు. త్రోవ చూపుటకు తోడున్నది. తరగతిలో పలుకరించుటకు తోడు లేకపోయెను. ఎనిమిదేండ్ల బిడ్డడు తల్లిని విడిచి అంతదూరము పోయిననే గాని ఆడుకొను స్నేహితులు దొరకకపోవుట ఆ బిడ్డని లోపము కాదుగదా. శ్రీకాంత్ వంటి గట్టివాడు దానినిగూడ దాటి వచ్చెను. దాటలేక రెండవ తరగతిలోనే బడి మానినవారి కథలు చలనచిత్రములు కావు.

నేను ముప్పదియేండ్లు ఉపాధ్యాయవృత్తి నెరపి, ఇపుడు హైదరాబాదునకు వాయవ్యముననున్న ప్రగతి నగరున నివసించుచున్నాను. అది కూకట్‌పల్లి దాటిన పిదప, అంబీరు చెరువు ప్రక్కన నున్నది. 2019లో నిజాంపేట నగరపాలకసంస్థ యేర్పడువరకు గ్రామపంచాయతియే. హైటెక్ సిటీ కార్యాలయములలో పనిచేయువా రిచట మెండు. వారి పిల్లలను కనిపెట్టుకొని యుండుటకు గోదావరి, కృష్ణ, కరీంనగరు, పాలమూరు పల్లెలనుండి వచ్చిన తాతలును అమ్మమ్మలును సాయంకాలము చెరువుకడ కూర్చుందురు. మీ వంటి పెద్దలే. మాట కలుపుట సులభము.

అట్లు పరిచయమైన వారిలో కరీంనగరు ప్రాంతపు పెద్దమనిషి యొకరు కలరు. ఆయన మనుమనికి తొమ్మిదేండ్లు. పుట్టునపుడు మెదడునకు ప్రాణవాయువు చాలనందున కాళ్ళు బిగిసియున్నవి. కలము పట్టుకొనుటకు వ్రేళ్ళు లొంగవు. మాట ముద్దగా వచ్చును. బుద్ధి మాత్రము చురుకైనది. ఈ బాలుని కొరకే కుటుంబము ఊరు విడిచి వచ్చినది. ఇచటను ఒక బడివారు, మీవానివలన తక్కిన పిల్లల చదువు చెడునని చెప్పి పంపివేసిరి. అట్లు పంపివేయుటకు ఏ బడికిని హక్కు లేదు. 40 శాతమునకు తక్కువగాని వైకల్యముగల ప్రతి బాలునికిని 6 మొదలు 18 ఏండ్లవరకు, తమకు చేరువనున్న బడిలోగాని కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని, ఉచితముగా చదువుకొను హక్కు 2016 చట్టమువలన కలదు. తాతగారికి ఆ సంగతి తెలియదు. వేరొక బడివారు చేర్చుకొనిరి. వారమునకు రెండుదినములు తెలుగు చెప్పుటకు నేనా బడికి పోవుచుండుటచే తరువాత జరిగినది నా కన్నులతో చూచితిని.

మొదటి నెలలలో బాలునికి ఒక ఆయాను ఏర్పాటు చేసిరి. ఆమె మంచిది, ప్రక్కనే కూర్చుండి పుస్తకము తెరచును, నీరు త్రాగించును, పంతులమ్మ అడిగిన ప్రశ్నకు తానే సమాధానము చెప్పును. తరగతి పిల్లలకు మాత్రము ఆ మూల ఆయా వీపు తప్ప మరేమియు కనబడెడిది కాదు. పెద్దవారి సాయము పిల్లల నడుమ గోడయగుట అమెరికాలోను చూచిరి. మైకేల్ జ్యాంగ్రెకో మొదలైనవారు 1997లో ప్రకటించిన పరిశీలన ఈ సంగతినిగూర్చినదే: సహాయకులు విడువక అంటిపెట్టుకొనియుండుటచే ఆ పిల్లలు తోడివారికిని, ఉపాధ్యాయునికిని గూడ దూరమగుచున్నారని వారు కనుగొనిరి.

ఆ తరగతి పంతులమ్మ దానిని పుస్తకములు చదివి గ్రహించెనో, చూచి గ్రహించెనో యెరుగను. ఆమె ఆయాను తరగతి వెనుకకు మార్చెను. మెట్లెక్కించుటకును, మరుగుదొడ్డికి తీసికొనిపోవుటకును మాత్రమే పిలుచునట్లు చేసెను. బాలుని రెండవ వరుస నడుమ కూర్చుండబెట్టెను. వ్రాతపనికి పాతకాలపు కార్బను కాగితము తెప్పించెను. వారమునకిద్దరు పిల్లలు తమ నోటుపుస్తకమున కార్బను పెట్టి వ్రాయుదురు. అడుగు ప్రతి బాలునిది. అంతకుముందు ఎవరిదో పుస్తకము ఇంటికి పంపించుచు, అది మరునాడు తిరిగిరాక జగడములు పడుచుండిరి. ఖర్చు నెలకు పదుల రూపాయలలోనే. మరియొకరు చదువుకొందురని తెలిసినందున ఆ పిల్లల దస్తూరి బాగుపడుట నేను కనిపెట్టితిని. ఇది ఎవరును కోరినది కాదు.

బాలుని మాట మాకెవ్వరికిని తెలియకమునుపే ప్రక్కపిల్లలకు తెలిసినది. రెండువారములలో వారు దుబాసీలైరి. ఇందొక చిక్కు వచ్చినది. వారు తెలిసికొనుటతో ఆగక, వాడు నోరు తెరచుటకు ముందే వాని తరపున మాటాడజొచ్చిరి. పంతులమ్మ దానికొక కట్టడి పెట్టెను: వాడు ముగించువరకు ఎవరును పలుకరాదు, తెలియనిచో మరల చెప్పుమని వానినే అడుగవలెను. ఇంకొక చిక్కు నాకు ఒక బాలిక చెప్పినది. నెమ్మదస్తురాలని, చెప్పినమాట వినునని సాయముపని ఎప్పుడును ఆమెకే పెట్టుచుండిరట. "రెండు నెలలనుండి నేను ఆడుకోలేదు సార్" అని మెల్లగా అన్నది. సేవ యనగానే ఆడపిల్ల నెత్తిన పెట్టుట మనకు పరిపాటి. స్నేహము ఉద్యోగము కాదు. కాపలా అంతకన్న కాదు. ఆనాటినుండి వంతులు వేసిరి. అల్లరివారినిగూడ ఆ వంతులలో చేర్చిరి. నిజము చెప్పవలెనన్న అల్లరివారే ఆ పని మేలుగా చేసిరి. వారికి జాలి తక్కువ.

క్రికెట్టు సంగతి చెప్పవలెను. మొదట బాలుని పరుగులు లెక్కవేయుమని కూర్చుండబెట్టిరి. వాడు పది దినములు లెక్కించి, తానును కొట్టెదనని పట్టుబట్టెను. పిల్లలు తమలో తాము ఆలోచించుకొని వానికి బైరన్నరు నిచ్చిరి: కుర్చీలో కూర్చుండి వాడు కొట్టును, మరియొకడు పరుగెత్తును. అంతర్జాతీయపు టాటలలో బైరన్నరును 2011లో తీసివేసిరట. మా వీథిపిల్లలు ఇంకను తీసివేయలేదు. తొలినాళ్ళలో వాని వికెట్టు పడినను పడనట్లే యూరకుండెడివారు. ఒకనాడు బంతి వేయువాడు ఒప్పుకొనలేదు. పెద్ద గొడవ జరిగినది. ఆ సాయంకాలము తాతగారు చెరువుకడ నన్ను చూచి నవ్వుచు, "సార్, ఇయ్యాల మావాడు ఔటయిండు, కొట్లాడి ఇంటికొచ్చిండు" అనెను. ఆయన అంత సంతోషముగా నుండగా నేను మరెన్నడును చూడలేదు. అరటిపండు ఔటు కాదుగదా.

పిల్లలు పిల్లలకు తోడగుట పట్టణమువారు కనిపెట్టిన వింత యని మీరు తలపవలదు. మన వీథిబడులలో పెద్దపిల్లలు చిన్నవారిచేత ఇసుకలో ఓనమాలు దిద్దించెడివారు. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789 మొదలు చెన్నపట్టణపు అనాథబాలుర పాఠశాలను నడపుచు ఈ పద్ధతిని ఇచట చూచి, తన బడిలో పెట్టి, 1797లో లండనున దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండున అది మద్రాసు పద్ధతి యని పేరొందెను. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ దొర తన జిల్లాలోని దేశీయ పాఠశాలలనుగూర్చి ప్రభుత్వమునకు వ్రాయుచు, తెలిసిన విద్యార్థి తెలియనివానికి చెప్పుటచే తన చదువును గట్టిపరచుకొనునని మెచ్చుకొనెను. ఆ బడులలో అన్ని కులముల పిల్లలకును చోటులేదనుమాట నేను మరువలేదు; బాలికలు మిక్కిలి తక్కువ. అయినను పద్ధతి మనది. దానిని ఇపుడు విడిచిపెట్టినవారి కొరకు వాడుకొనవచ్చును.

అంధపంగున్యాయము మీకు తెలిసినదే. నడువగలిగియు చూడలేనివాని భుజములపై చూడగలిగియు నడువలేనివాడెక్కి యిరువురును అడవి దాటిరి. అందు సాయము చేయువాడెవడు, పొందువాడెవడు అని అడిగిన చెప్పలేము. కార్బను కాగితపు కథలోను నా కట్లే తోచినది.

చెవి వినరాని పిల్లల విషయమున మాత్రము నేను తొందరపడి మాట యీయను. మాటలే వినబడని బిడ్డను నలుబదిమంది మాటాడువారి నడుమ కూర్చుండబెట్టి, కలిపితిమని తృప్తిపడుట న్యాయము కాదు. వారికి సంజ్ఞాభాష కావలెను; తమ వంటి పిల్లల స్నేహమును కావలెను. అందుచే బధిర పాఠశాలలు మూసివేయవలెననువారితో నేనేకీభవింపను. అయినను వినగలవారే సంజ్ఞలు నేర్చుకొన్నచో ఏమగునో తెలుపు ఉదాహరణమొకటి కలదు. అమెరికా తూర్పుతీరమున మార్తాస్ వినియార్డ్ అను ద్వీపమున్నది. వంశపారంపర్యముగ వచ్చు చెవుడు అచటి పల్లెలలో రెండువందల యేండ్లకు పైగా హెచ్చుగా నుండెను. అందుచే ఆ యూళ్ళలో వినికిడిగలవారును చేతులతో మాటాడుట నేర్చుకొనిరి. అంగడిలో, చేపలపడవలో, ప్రార్థనమందిరమున అందరును సంజ్ఞలు వాడెడివారు. నోరా గ్రోస్ అను పండితురాలు అచటి వృద్ధుల నడిగి 1985లో గ్రంథము ప్రకటించినది. ఆనాటి చెవిటివారినిగూర్చి అడుగగా, ఆ వృద్ధులు వారిని వైకల్యము గలవారిగా తలంపనే లేదట. ఒకడు మంచి జాలరి, ఒకడు మంచి రైతు, అంతే. అది విద్యావంతుల పట్టణము కాదు, పల్లె. పిల్లలు చిన్ననాడే నేర్చుకొన్నందున ఆ భాష అందరిదైనది.

మన తెలుగునాటను ఇంతకంటె అందమైన సంగతి యున్నది. విజయనగర సంస్థానపు ఉద్యోగి చాగంటి జోగారావుగారి కుమారుడు గంగరాజు చూపులేనివాడు. సంగీతమునందు మిక్కిలి మక్కువ గలవాడు. ఆ బాలుని నిమిత్తమై విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత పాఠశాలను స్థాపించిరని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వేంకటస్వామినాయుడుగారు అచట వయొలిను గురువులు, పిదప అధ్యక్షులు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదివినదియు అచటనే. చూపులేని యొక బాలుని కొరకు వేసిన పందిరి క్రింద చూపున్నవారెందరో నీడ పొందిరి.

ఇపుడు మీరు చేయదగిన పనులకు వత్తును. వైకల్యమును పరీక్షించి ధ్రువపత్రమిచ్చు సదరం శిబిరములు మీకు పింఛను నిమిత్తమై పరిచితములే. ఆ పత్రము పింఛనునకే గాక బడికిని పనికివచ్చును. దానిని పెట్టెలో దాచక ప్రధానోపాధ్యాయునికి చూపుడు. భవిత కేంద్రములు నెలకొల్పిన మండలములలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులున్నారు. ప్రత్యేకోపాధ్యాయుల కొరత మాత్రము అంతటను కలదు. ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు పదిమందికొకరు, పై తరగతులలో పదునైదుగురికొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయుడుండవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2021 అక్టోబరులో చెప్పినది. మీ మండలమున ఆ లెక్క సరిపోయినదో లేదో అడుగుట మీ హక్కు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడి యాజమాన్యసంఘమున మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. అందు ఇట్టి బిడ్డ తల్లియొకతె ఉన్నదా? ఆమెను కూర్చుండబెట్టుట తేలిక. ఆమె మాటాడునట్లు చూచుట మీ వంటి పెద్దల పని. బడి గుమ్మమునకు వాలుబాట కట్టించుట ఒక మేస్త్రీకి రెండుదినముల కూలి. మరుగుదొడ్డి తలుపు చక్రములకుర్చీ పట్టునంత వెడల్పుగా నున్నదో లేదో కొలిచి చూచుటకు కూలియు నక్కరలేదు. అంటువ్యాధియని జంకి తమ పిల్లలను దూరముగా కూర్చుండుమను తల్లులు నేటికిని కలరు. వారికి పంతులు చెప్పినదానికంటె మీరు చెప్పినది చెవికెక్కును.

తుదకు పరీక్షల మాట. చేతితో వ్రాయలేని విద్యార్థికి లేఖకుని, గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమును ఈయవలెనని 2018లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. వైకల్యము 40 శాతమునకు చేరకున్నను, వ్రాయుటకు చేయి నిజముగా సహకరింపని అభ్యర్థికి లేఖకుని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. పదవ తరగతి పరీక్షలో లేఖకుడుగా కూర్చుండునది సాధారణముగా తొమ్మిదవ తరగతి విద్యార్థి. ఇచటనే పొరపాటు జరుగుచున్నది. మార్చిలో, పరీక్షాకేంద్రపు వరండాలో, ఇరువురును ఒకరి ముఖమొకరు తొలిసారి చూచుకొందురు. చెప్పువాని వేగము వ్రాయువానికి తెలియదు. రేఖాగణితపు పటమును మాటలతో చెప్పుట ఇరువురికిని అలవాటు లేదు. ముద్దగా వచ్చు మాట క్రొత్తచెవికి అందదు. నిబంధనలకు లోబడినవానిని సంక్రాంతికి ముందే గుర్తించి, వారమునకు రెండుమారులైన పాత ప్రశ్నపత్రములతో ఆ యిరువురిని కలిపి కూర్చుండబెట్టవలెను. దరఖాస్తు గడువు ప్రధానోపాధ్యాయునికడ తెలియును. ఈ యేడు మీ యూరిలో అట్టి బిడ్డ పదవ తరగతిలో నున్నచో, దసరా సెలవులకు ముందే పోయి అడుగుడు.

సెలవు.